రేపల్లె చొక్కా

పోయిన ఆదివారం లాండ్రీ నుంచి వచ్చిన సంచి విప్పితే అందులో నాది కాని చొక్కా ఒకటి కనిపించింది. గోధుమరంగు, మెత్తటి నారబట్ట, కాలరు లోపల అంటించిన చీటీ మీద చీమలు బారు కట్టినట్టు సన్నటి గీతలు. తెనాలిలో మేముండే అపార్ట్‌మెంటులో బట్టల సంగతి అదొక పెద్ద పరిపాలన. రోజువారీవి బాల్కనీలో మిషనుకి, అది మొరాయిస్తే కిలోల లెక్కన ఉతికే దుకాణానికి, ఇస్త్రీకి గేటు పక్కన బండికి, పట్టుచీరలు బోసురోడ్డు అవతల ఇంకో కొట్టుకి. మిషను పని పూర్తయ్యాక పాట పాడుతుంది. మర్చిపోయిన రుమాలు వేద్దామని తలుపు లాగితే మాత్రం పాత హెడ్మాస్టరులా బిగుసుకుపోతుంది. కిందటి నెల అది ఆగిపోతే నేనే విప్పి బాగుచేశానని కింది ఫ్లాట్ల వాళ్ళకి చెప్పాను. నిజానికి ప్లగ్గు ఊడింది, పెట్టింది మా ఆవిడ. ఈసారి నిజంగానే పాడైంది కాబట్టి బట్టలు దుకాణానికి వెళ్ళాయి, ఈ చొక్కా మా ఇంటికొచ్చింది.

"ఎవరిదో చొక్కా వచ్చిందే మనకి," అన్నాను.

మా ఆవిడ దొండకాయలు తరుగుతూ తలెత్తకుండా, "తొడుక్కోండి. మీకు కొత్తేం కాదుగా," అంది.

ఆ మాటతో నేను భట్టిప్రోలు కాలవగట్టు మీద పడ్డాను.

మా చిన్నప్పుడు ఊరి బట్టలన్నీ ఆ కాలవలోనే ఉతికేవారు. రేవులో ఉతికేవాళ్ళలో ఒకావిడని మేమంతా కాలవత్త అని పిలిచేవాళ్ళం. పొడుగు మనిషి, గట్టి గొంతు. ఆవిడ బండ మీద దుప్పటి బాదితే పొన్నూరులో వినపడేదని నేను చాలామందికి చెప్పాను. పొన్నూరు లేదు ఏమీ లేదు, మా వీధి చివరకి వినపడేది. ఆవిడ బట్టలు ఉడకబెట్టడానికి బట్టీ పెట్టిన రోజున చౌడుమట్టి, తడిబట్ట, పొగ కలిసిన ఆవిరి వాసన గట్టంతా కమ్ముకునేది. ఇవాళ సబ్బుపొడి డబ్బా మీద మల్లెపూలు, గులాబీలు అచ్చేసి అమ్ముతున్నారు గానీ, ఉతికిన బట్టకి ఉండాల్సిన వాసన అదే. ఉప్పగా, కొంచెం కాలినట్టుగా.

ఆవిడ చెల్లెలు రేపల్లెలో ఉతికేది. అక్కడి బావినీళ్ళకి ఉప్పు తగులుతుందని, తెల్లబట్టలు మాత్రం మూటగట్టి మా కాలవకి తెచ్చేది. ఈ మూటల వల్లే మా ఊళ్ళో చాలామంది కుర్రాళ్ళకి ఉద్యోగాలొచ్చాయి. అతిశయోక్తి అనుకుంటున్నారేమో, ఇది మాత్రం కాదు. ఇంటర్వ్యూకి వెళ్ళాలి, మంచి చొక్కా లేదు అంటే కాలవత్త రేపల్లె మూటలోంచి ఒకటి తీసి, ఇస్త్రీ చేసి ఇచ్చేది. పైసా తీసుకునేది కాదు. సాయంత్రానికి మళ్ళీ రేవుకి చేరాలి, అంతే. ఆవిడకి రెండే రెండు కట్టుబాట్లు. ఏ ఊరి చొక్కా ఆ ఊళ్ళో తొడగకూడదు. రేపల్లెది బాపట్లలో చెల్లుతుంది, తెనాలిలో చెల్లుతుంది, రేపల్లెలో మాత్రం ససేమిరా. రెండోది, పెళ్ళిచూపులకి ఇవ్వదు.

"ఉజ్జోగానికెళ్తే ఆళ్ళు నీ చదువు చూత్తారు," అనేది. "పెళ్ళిచూపులకెళ్తే నిన్నే చూత్తారు. ఆడపిల్లోళ్ళ కళ్ళకి గంతలు కట్టే పని నా సేత చేయించకండి నాయనా."

నాకు రేపల్లెలో సంబంధం చూశాడు మా మేనమామ. అప్పటికి నాకు పదిహేను చొక్కాలుండేవని మనవలకి చెబుతుంటాను. ఉన్నవి రెండు. ఒకటి భుజం దగ్గర మాసిక వేసింది, రెండోది మా బాబాయి వదిలేసింది. రేవుకి వెళ్ళాను.

"అత్తా, రేపు బాపట్లలో ఇంటర్వ్యూ ఉంది."

"ఏంటి ఉజ్జోగం?"

"గుమాస్తా," అని ఊరుకుంటే సరిపోయేది. నాకు ఊరుకోవడం చేతకాదు. "పెద్ద గుమాస్తా. కింద ఆరుగురు పనిచేస్తారు," అన్నాను.

ఆవిడ మురిసిపోయింది. మూటలోకెల్లా తెల్లనిది, పాప్లిన్ గుడ్డ, పొడుగు చేతులది ఏరి తీసింది. నీలిమందు పెట్టి, గంజి పెట్టి, బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసి, అరటాకు మీద అన్నం వడ్డించినట్టు నా రెండు చేతుల్లో పెట్టింది. బాపట్ల బస్సుకి కర్లపాలెం దగ్గర దుమ్ము ఎక్కువట, కిటికీ పక్కన కూచోవద్దని కూడా చెప్పింది. మర్నాడు నేను రేపల్లె బస్సెక్కాను.

పెళ్ళిపిల్ల వాళ్ళింట్లో వరండాలో చాప పరిచారు. మా మేనమామ, పిల్ల తండ్రి వానల గురించి మాట్లాడుకుంటున్నారు. అరటికాయ బజ్జీలు పెట్టారు. నేను దర్జాగా చెయ్యి చాపి ఒకటి తీసుకుంటుంటే పిల్ల అన్నగారి చూపు నా మణికట్టు మీద ఆగిపోయింది. అక్కడ చొక్కా మీద శనగగింజంత మేర తెల్లదారంతో అల్లి పూడ్చిన చిల్లు ఉంది. నేను అప్పటిదాకా దాన్ని చూడనే లేదు.

"ఈ చొక్కా ఎక్కడ కుట్టించారండీ?" అన్నాడాయన.

"మద్రాసులోనండి," అన్నాను. నేను బాపట్ల దాటి ఎరగను.

ఆయన ముఖం ఎర్రబడింది. బజ్జీ నా చేతిలో అలాగే ఉంది. ఆయన నోరు తెరిస్తే నా సంబంధం పోతుంది, అది నా కర్మ. కానీ దాంతోపాటు కాలవత్త చెల్లెలు ఆ వీధి వీధంతా పోగొట్టుకుంటుంది. ఇళ్ళవాళ్ళ బట్టలు పరాయివాళ్ళకి తొడగనిచ్చిందంటే ఇంకెవరు మూట వేస్తారు? అది ఆవిడ నలుగురు పిల్లల అన్నం. ఆ సంగతి నాకు ఆ క్షణందాకా తట్టలేదు.

"ఇది..." అని ఆయన మొదలుపెట్టాడు.

అప్పుడే మంచినీళ్ళ గ్లాసులతో వచ్చిన పిల్ల నా మణికట్టు చూసింది, అన్నగారి ముఖం చూసింది. "అన్నయ్యా, నీ చొక్కాకి కూడా అచ్చం ఇలాగే చిల్లు పడితే నేనే అల్లాను, గుర్తుందా?" అంది నెమ్మదిగా. "ఎలా పడిందో నాన్నగారికి చెప్పనా?"

పిల్ల తండ్రి ఇటు తిరిగాడు. అన్నగారు గబుక్కున నోట్లో బజ్జీ కుక్కుకున్నాడు. అది సిగరెట్టు నిప్పు పడిన చిల్లని నాకు పెళ్ళయ్యాక తెలిసింది. ఆ కంగారులో నా బజ్జీ జారి చొక్కా ముందుభాగం మీద పడింది. అరచేయంత నూనె మరక.

బస్సు దాకా సాగనంపడానికి వచ్చిన అన్నగారు, మా మేనమామ తమలపాకులు కొంటుండగా నా పక్కకి చేరాడు. "చొక్కా మీకు బాగా నప్పిందండీ. పొద్దుగూకేలోపు అది మా ఇంట్లో చిలక్కొయ్యకి ఉండాలి. లేదా, రేపట్నుంచి మా బట్టలుతికే ఆవిడ మా వీధిలో ఒక్క మూట ఎత్తదు," అన్నాడు నవ్వుతూనే.

ఈ కథ చెప్పినప్పుడల్లా ఇక్కడ నేను కాలవత్త కాళ్ళ మీద పడ్డానని, ఆవిడ నన్ను లేవదీసి కళ్ళు తుడిచిందని చెబుతాను. అలా జరగలేదు. రేవుకి వెళ్ళి, చొక్కా విప్పి, జరిగింది చెప్పాను. ఆవిడ చొక్కా ఎత్తి మరకని వెలుతురుకి పట్టి చూసింది.

"మరి బాపట్లో?" అంది.

"అబద్ధం అత్తా."

"ఆ ఆరుగురూ?"

ఆవిడ కుంకుడుకాయల గిన్నె నా ముందుకి తోసి గట్టు మీద కూచుంది. "ఉతుకు," అంది.

బనీనుతో నీళ్ళలోకి దిగాను. మొదటి బాదుకే బండకి బదులు నా మోకాలికి తగిలింది. రేవంతా నవ్వింది, ఆవిడ నవ్వలేదు. "గుడ్డని కొట్టకు, మరకని రుద్దు. గుడ్డేం చేసింది నిన్ను?" అంది ఒకసారి. అంతే. మూడోసారి కుంకుడురసం పెట్టాక మరక వదిలింది. మబ్బు పట్టింది, ఆరే దారి లేదు. అప్పుడు ఆవిడ లేచి నా చేతిలోంచి చొక్కా తీసుకుని తడిమీదే ఇస్త్రీ చేసింది. పెట్టె కింద చొక్కా బుసకొట్టినట్టు ఆవిరి లేచింది. మడతపెట్టి ఇస్తూ ఈసారి నా చేతుల్లో పెట్టలేదు, బండ మీద పెట్టింది.

నేను మాసిక చొక్కా తొడుక్కుని సాయంత్రం బస్సులో మళ్ళీ రేపల్లె వెళ్ళాను. పెరటి తలుపు తీసింది ఆ పిల్లే. కాగితంలో చుట్టిన చొక్కా అందుకుని మడత విప్పి చూసింది. తర్వాత నా భుజం మీద మాసిక వంక చూసింది.

"ఇది మటుకు మీదేనా?"

"నాదేనండి."

"సరే అయితే," అని తలుపేసుకుంది.

వారానికి ఒప్పుకున్నట్టు కబురొచ్చింది. నా రూపం చూసి మూర్ఛపోయిందని నేను చెప్పుకునే మాట ఇకనుంచి మానేస్తున్నాను.

కాలవత్త చెల్లెలికి ఏమీ కాలేదు, ఆ వీధి మూటలు చివరిదాకా ఆవిడే మోసింది. కాలవత్త నా పెళ్ళికొచ్చింది, భోంచేసింది, మా ఆవిడ బుగ్గలు పుణికింది. కానీ ఆ రోజు తర్వాత ఎవరికీ చొక్కా ఇవ్వలేదు. మా పక్కింటి అబ్బాయి తెనాలిలో ఇంటర్వ్యూకి అడిగితే, "నా కాడ లేవు నాయనా," అందట, పక్కన తెల్లబట్టల మూట ఉండగానే. వాడు చిరుగు చొక్కాతో వెళ్ళాడు, ఉత్తచేతుల్తో తిరిగొచ్చాడు. ఆవిడ ఎందుకు మానేసిందో ఊళ్ళో రకరకాలుగా అనుకున్నారు. వయసు మళ్ళిందన్నారు, పిసినారిదయిందన్నారు. నేను పక్కనే నిలబడి విన్నాను. ఇన్ని కబుర్లు చెప్పే నోరు అప్పుడు పెగల్లేదు.

గోధుమరంగు చొక్కా గురించి దుకాణానికి ఫోన్ చేశాను. రేపు వచ్చి తీసుకెళ్తామన్నారు. ఎవరికో ఇవాళే కావాలేమోనని ఆటో ఎక్కి నేనే ఇచ్చి వచ్చాను. తొడుక్కోకుండానే ఇచ్చానని మా ఆవిడతో చెప్పాను. అద్దం ముందు ఒక్కసారి తొడుక్కున్నాను, బొత్తాలు పట్టలేదు.

కొత్త మిషను బుధవారం వచ్చింది. గంటలో ఉతికి, పిండి, పాట పాడేసి ఊరుకుంటోంది. నేను మోకాలు తడుముకుంటూ దాని ముందు కూచుంటాను. యాభై ఏళ్ళు దాటింది, ఆ ఒక్క చొక్కా ఉతకడం నాకింకా పూర్తికాలేదు.