అత్తమ్మ రోడ్డు మీద నిలబడని రోజు

పోయిన నెల ఒక మధ్యాహ్నం, సూరత్‌లోని ఖటోదరాలో నేను పనిచేసే చీరల యూనిట్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక అంచు డిజైన్ సరిచేస్తుండగా మా ఆయన ఫోన్ చేశాడు. "అమ్మ లేస్తలేదు" అన్నాడు. అంతే. అన్నం తిని, ఒక కునుకు తీద్దామని గోడవైపు తిరిగి పడుకున్న మా అత్తమ్మ మళ్లీ ఇటు తిరగలేదు. నేను ఇంటికి చేరేసరికి మా అపార్ట్‌మెంట్ సొసైటీ ఆడవాళ్లందరూ గుమ్మం ముందు నిలబడి ఉన్నారు.

కొత్త పెళ్లికూతురుగా తెలంగాణ నుంచి సూరత్ వచ్చింది మా అత్తమ్మ. మామయ్య మగ్గాల మీద, ఆమె పక్క గదిలో నూలు కండెలు చుట్టే పనిలో. ఆ చప్పుడులో ముప్పై ఏళ్లు బతికిన మనిషికి మెల్లగా మాట్లాడటం చేతకాలేదు. రహస్యం చెప్పినా కింది అంతస్తుకు వినబడేది. ఎవరింటికి వెళ్లినా ముందు వాళ్ల చీర కొంగు రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, ఆ తర్వాతే క్షేమం అడిగేది. ఆమె గురించి అందరికీ తెలిసినవి ఇవి. నాకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి ఉంది.

మా చిన్నవాడికి ఉబ్బసం. ఊపిరితిత్తులు గట్టిపడతాయి, ఈత నేర్పించండి అన్నాడు డాక్టర్. అమ్మ దిగితేనే నేను దిగుతానని వాడు ఈత కొలను గట్టు మీద మొండికేశాడు. అలా నేనూ దిగాను. వాడు నెలలో చేపపిల్ల అయ్యాడు. నాకు ఎండాకాలమంతా పట్టింది. కానీ నీళ్లలో తల ముంచిన ఆ కాసేపూ నన్నెవరూ పిలవరు. అన్నం డబ్బాలు, బట్టలు, బడి, డ్యూటీ, ఏదీ వినబడదు. అది నాకు కావాలనిపించింది. ఈత టీచర్ ఒకరోజు, మొదటిసారి పోటీ చేసేవాళ్ల కోసం ట్రయథ్లాన్ పెడుతున్నారు, ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేయాలి, వస్తావా అని అడిగితే, ఆలోచించకుండా వస్తానన్నాను.

అత్తమ్మ నా ఈత బట్టల్ని వేళ్ల మధ్య నలిపి చూసింది. "గిదేం బట్టనే! సాగుడే తప్ప ఆగుడు లేదు. పిల్లగానికి ఈత, సరె. నీకేం పుట్టింది బిడ్డా?"

ఆ ఒక్కసారే అడిగింది. మర్నాటి నుంచి పొద్దున్న డబ్బాలు కట్టే పని తనే తీసుకుంది. నా పరుగు సాధన సొసైటీ చుట్టూ, కుక్కర్ కూత వినబడేంత దూరంలోనే. సైకిల్ మాత్రం ఊరు దాటాలి. "మీ కోడలు చీకటితోనే ఎటు పోతుంది?" అని పక్కింటామె అడిగితే అత్తమ్మ మెట్ల మీంచే గట్టిగా అంది: "నీ ఇంట్ల పాలు పొంగుతున్నయ్, పోయి చూసుకో."

ఒక ఆదివారం బార్డోలీ రోడ్డు మీద ఉన్నాను. చెరుకు ట్రాక్టర్లు రాసుకుంటూ పోతున్నాయి. ఫోన్ మోగింది. "పిల్లగానికి దమ్ము లేసింది. పంపు పెడ్తున్న. నువ్వు పైలంగ రా" అని అత్తమ్మ కట్ చేసింది. మళ్లీ చేస్తే తీయలేదు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. అంత దూరం ఎలా తొక్కానో నాకు తెలియదు. చెరుకు ఆకు గీసుకుని మోచేయి రక్తం కారుతోందని కూడా ఇంటికొచ్చాకే చూశాను.

వాడు మంచం మీద కూర్చుని పాలు తాగుతున్నాడు. అత్తమ్మ పక్కనే చెమటతో తడిసిపోయి ఉంది. చేతిలో మందు పీల్చే పంపు ఇంకా పట్టుకునే ఉంది.

"ఇగ నాకొద్దు అత్తమ్మా. బంద్ చేస్త" అన్నాను.

"నువ్వు ఇంట్ల ఉన్ననాడు రాలేదా వానికి దమ్ము? పోగు తెగితె మగ్గం ఆపుతం. తెగకముందే ఆపుతమా?"

"నీకు భయం గాలేదా?"

"ఎందుకు గాలే? భయం లేనోళ్లకు పిల్లగాండ్లను అప్పజెప్పొద్దు బిడ్డా."

ఏం జరిగినా దాచకుండా చెప్పాలని ఆ రోజు ఆమె దగ్గర మాట తీసుకున్నాను. "చెప్త" అంది.

పోయిన చలికాలం పోటీ. నగరం బయట పెద్ద చెరువు. ఇంటిల్లిపాదీ ఒక టెంపోలో వచ్చాం. బళ్లు నిలిపిన మైదానమంతా దుమ్ము లేస్తోంది. అది చూసినప్పుడే నా మనసు కీడు శంకించింది. కానీ అప్పటికే పేర్లు పిలుస్తున్నారు.

ఆ నీళ్లు కొలను నీళ్లలా లేవు. అడుగు కనబడదు. ఎవరిదో కాలు నా ముఖానికి తగిలింది, నీళ్లు మింగాను, ఊపిరి ఆడలేదు. కాపలా పడవ దగ్గరకొచ్చింది. చెయ్యెత్తితే ఎక్కించుకుంటారు, అంతటితో అయిపోతుంది. వెల్లకిలా తిరిగాను. దమ్ము లేచినప్పుడల్లా మా వాడు పడే అవస్థ ఇదేనా అనిపించింది. ఊపిరి అందేదాకా ఆకాశం చూస్తూ తేలి, మళ్లీ బోర్లా తిరిగాను.

ఒడ్డెక్కి సైకిళ్ల దగ్గరికి పరుగెత్తాను. జనం లోపలికి రాకుండా కట్టిన తాడు అవతల అత్తమ్మ ఒక్కతే నిలబడి ఉంది.

"బాబు ఏడి?"

"దుమ్ముకు దమ్ము లేసింది. డేరాల డాక్టరమ్మ కాడ ఉన్నడు. మాస్కు పెట్టింది. వాళ్ల నాయిన పట్టుకొని కూసున్నడు. చెప్త అన్న, చెప్పిన. ఇగ నువ్వు పో."

నా ఒక కాలికే బూటు ఉంది. రెండోది చేతిలో ఉంది. నా పక్కనుంచి మనుషులు సైకిళ్లు తీసుకుని వెళ్లిపోతున్నారు.

"తగ్గకుంటె?"

"తగ్గకుంటె మైదానం గేటు కాడ రోడ్డు మీదికొచ్చి నిలవడ్త. నేను కనబడ్డనంటె దిగి రా. కనబడకుంటె తొక్కుతనే ఉండు."

ఆమె ముఖంలోకి చూశాను. భయం ఉంది. దాన్ని దాచాలని కూడా చూడలేదు. ఆ భయాన్ని చూసే నేను సైకిలెక్కాను.

ఆ దారి చుట్టు తిరిగి మళ్లీ మళ్లీ గేటు ముందుకే వస్తుంది. గేటు దగ్గర పడే కొద్దీ రోడ్డు అంచున నిలబడ్డ ఒక్కొక్కరినీ వెతికి చూసేదాన్ని. మా అత్తమ్మ కనబడకూడదని దేవుడికి మొక్కుకున్నది జీవితంలో ఆ ఒక్క రోజే. ఒక చుట్టులో ఆకుపచ్చ చీర కనబడింది. అత్తమ్మ కట్టింది కూడా ఆకుపచ్చే. బ్రేకు వేసి, పడబోయి, కాలు ఆనించాను. ఆమె వేరెవరో, రోడ్డు దాటడానికి నిలబడింది. నన్ను వింతగా చూసింది. మళ్లీ పెడల్ తొక్కాను.

పరుగులో పిక్క పట్టేసింది. కుంటుతూ, నడుస్తూ, గేటు వైపు చూస్తూనే గీత దాటాను. ఎవరో మెడలో పతకం వేయబోతే తప్పించుకుని డేరాలోకి ఉరికాను.

వాడు బిస్కట్ తింటున్నాడు. పెదవుల రంగు మామూలుగా ఉంది. "మమ్మీ, లాస్ట్ ఆయీ క్యా?" అన్నాడు.

"లాస్ట్ కాదురా, నా ఎనుక ఇంక ఇద్దరున్నరు" అంటూనే ఏడ్చేశాను.

అత్తమ్మ వాడి పక్కన, గేటు వైపు వీపు చేసి కూర్చుని ఉంది. చేతిలోని నీళ్ల సీసా మూత కూడా తీయలేదు.

"నేను పోతుంటె చూసినవా అత్తమ్మా?"

"లే. ఒక్కసారన్న రోడ్డు దిక్కు చూడలే. చూస్తె కాళ్లు అటే గుంజుతయని, నన్ను జూసి నువ్వు దిగుతవని."

అంత దూరం వచ్చి నా పోటీలో ఒక్క క్షణం కూడా ఆమె చూడలేదు. అందుకే నేను పూర్తిచేయగలిగాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఆమెకు కూడా సరిగా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

తిరుగు ప్రయాణంలో టెంపోలో అందరూ నిద్రపోయారు. నాకూ కళ్లు మూతలు పడుతున్నాయి. సీట్ల మధ్య ఇరికించిన నా సైకిల్ ముందు చక్రం, బండి కుదిపినప్పుడల్లా గిర్రున తిరుగుతోంది. అత్తమ్మ ఒక్కతే మేలుకుని ఉంది. ఒక అరచేయి మనవడి రొమ్ము మీద ఉంది, వాడి ఊపిరితో పాటు లేస్తూ పడుతూ. చప్పుడుకు వాడు లేస్తాడేమోనని రెండో అరచేత్తో ఆ చక్రాన్ని అదిమి పట్టుకుని, కిటికీలోంచి వెనక్కి పోతున్న చెరుకు తోటల్ని చూస్తోంది.