ఎర్ర పెట్టెల గుంపులో మా తమ్ముడు

మా తమ్ముడు ముప్పై ఆరేళ్ళుగా పెట్టెలు బాగుచేస్తున్నాడు. సూట్‌కేసులు, బడిసంచులు, చక్రాల పెట్టెలు, ఏది ఊడినా ఏది చిరిగినా జనం బస్టాండు ఎదురుగా లాడ్జి మెట్ల కింద ఉన్న వాడి గదికే తెస్తారు. ఆ గదిలో ఒక మనిషి కూచుంటే రెండో మనిషి నిలబడాలి. రెక్సిన్ వాసనా జిగురు వాసనా కలిసి అడుగుపెట్టగానే తల తిరుగుతుంది. నేను అక్కడ పావుగంట మించి ఎప్పుడూ కూచోలేదు. వాడు మాత్రం ఆ గాలే పీల్చి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచి పెళ్ళిళ్ళు చేశాడు.

అందరూ వాణ్ణి జిప్పులాయన అంటారు. పని విషయంలో వాడికి కొన్ని పట్టింపులున్నాయి. పెట్టెలో ఏమున్నదీ చూడడు. చెయ్యి లోపల పెట్టాల్సి వస్తే మొహం గోడవైపు తిప్పుకుంటాడు. "పెట్టెలోకి చూడడమంటే ఒకరి పడకగదిలోకి తొంగిచూడడమే అక్కా" అంటాడు. చక్రం మార్చాక ఆ పెట్టెను గుంతల రోడ్డు మీద బస్టాండు గేటు దాకా ఈడ్చుకుపోయి, మళ్ళీ ఈడ్చుకొస్తాడు. కిర్రుమనకపోతేనే సొంతదారుకి ఇస్తాడు. చూసేవాళ్ళు ఊరెళుతున్నాడనుకుంటారు. నిజానికి వాడు చేసిన ప్రయాణాలన్నీ ఆ గేటు దాకానే.

విమానంలో తిరిగొచ్చిన పెట్టెల పిడికి ఏ ఊరినుంచి వచ్చిందో రాసిన కాగితప్పట్టీ ఒకటి చుట్టి ఉంటుంది. అవి చదివీ చదివీ వాడికి పరాయిదేశాల పిచ్చి పట్టింది. యాభై ఎనిమిదో ఏట కట్టుకున్నదాన్ని వెంటపెట్టుకుని నాలుగు దేశాలు చూసొస్తానని ఒక టూరు కంపెనీలో పేర్లు రాయించుకొచ్చాడు. ఇరవై ఎనిమిది మంది, పదకొండు రోజులు. అందరితో సమానంగా వాడూ డబ్బు కట్టాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఆ తర్వాత దాన్ని గుర్తుపెట్టుకున్నవాడు ఆ గుంపులో ఒక్కడూ లేడు.

బయలుదేరే ముందు నెలన్నర పాటు ప్రతి ఆదివారం మీటింగు. చెప్పింది మరిచిపోతానేమో నువ్వూ రా అక్కా అని వాడు బతిమాలితే వెళ్ళాను. కుర్చీలమ్మే కొట్టు పైన ఒక హాలు. నడిపించే మేనేజరు చేతిలో పసుపుపచ్చ జెండా ఒకటి ఉండేది. విదేశంలో తప్పిపోకుండా దాని వెనకాల నడవాలట. గదిలో ఉండగానే దాన్ని ఊపి చూపించాడు, పెద్దపెద్ద మనుషులంతా తలలాడించారు.

ఆ జెండాయన ఒక కాగితం పంచాడు. ఫొటోలో చెవులు రెండూ కనబడాలి, నవ్వకూడదు. మాత్రలకి డాక్టరు చీటీ ఉండాలి. బూట్లు ఇప్పటినుంచే తొడుక్కుని నడిచి అలవాటు చేసుకోవాలి. ఒక్కొక్కరికి ఒకే పెట్టె, ఇరవై కిలోలు దాటకూడదు. మూడో తరగతితో బడి మానేసిన నాకే ఒక్కసారికి అర్థమైంది. ఆ చదువుకున్నవాళ్ళకి మాత్రం మూడు ఆదివారాలు పట్టింది. ఒకాయన వేడినీళ్ళు ఎన్ని గంటలకి వస్తాయని ప్రతి వారమూ అడిగేవాడు. పళ్ళ డాక్టరు భార్య అయితే, బస్సులో ఎవరి పక్కన ఎవరో ముందే రాసివ్వమంది. అడుగుతూ అడుగుతూ మా తమ్ముడి వేళ్ళ వంక చూసింది. గోళ్ళ సందున జిగురు నల్లగా గట్టిపడి ఉంటుంది, ఎంత తోమినా పోదు. ఆవిడ తన కుర్చీని అర అడుగు అవతలికి జరుపుకుంది. వాడు చూశాడు. చూసి, చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

మూడు ఆదివారాలూ వాణ్ణి "బాగున్నారా" అన్న మనిషి లేడు.

నాలుగో ఆదివారం కంపెనీ తరపున అందరికీ ఎర్ర పెట్టెలు ఇచ్చారు. అందరూ రంగు చూసి మురుస్తుంటే మావాడు తనదాన్ని తలకిందులు చేసి, చక్రాన్ని వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది రెండో రోజు దాటదండీ" అన్నాడు.

"కంపెనీ సరుకండీ అది. మీకేం తెలుసు?" అన్నాడు జెండాయన.

మా తమ్ముడు పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు. బొటనవేలితో చక్రం పక్కన ఒక్క నొక్కు నొక్కాడు. ఇరుసు ఊడి కిందపడి, దొర్లుకుంటూ పోయి పళ్ళ డాక్టరు బూటు దగ్గర ఆగింది.

చూడాలి ఆ తరవాత! ఇరవై ఆరుగురూ పెట్టెలు పట్టుకుని వాడి మీద పడ్డారు. నిన్నటిదాకా "ఏవయ్యా, కాస్త జరుగు" అన్న డాక్టరు భార్య "అన్నయ్యగారూ, ముందు నాది చూడరూ" అంటోంది. అన్నయ్యగారట! ఆవిడ నాకంటే రెండేళ్ళు పెద్దదే ఉంటుంది. మావాడి మొహం మాత్రం వెలిగిపోయింది. అది చూసి నాకు వాళ్ళకన్నా వాడి మీదే ఎక్కువ రోత పుట్టింది.

"పంపించండమ్మా, మనం మనం ఒకటి కాదా" అన్నాడు.

వారం తిరిగేసరికి లాడ్జి మెట్ల మీద, కింద, పక్కనా ఎర్ర పెట్టెలే. ఒక్కో పెట్టెకి నాలుగు చక్రాలు. పాతవి పీకి, గట్టి ఇరుసులు వేసి, ప్రతి పెట్టెనూ గేటు దాకా ఈడ్చి తేవాలి కదా, అదొక వ్రతం వాడికి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ రోడ్డు మీద మావాడు ఎర్ర పెట్టె వెనకాల ఎర్ర పెట్టె లాక్కుంటూ తిరుగుతుంటే లాడ్జి గుమాస్తా అడిగాడు, "ఏవండీ జిప్పులాయనా, టూరు మొదలైపోయిందా?" అని. మామూలు గిరాకీలు వచ్చి చూసి వెళ్ళిపోయారు. గుంపులో ఎవరి దగ్గరా కూలి తీసుకోలేదు. డాక్టరు భార్య తన పెట్టెతోపాటు కూతురి చేతిసంచీ, మనవడి బడిసంచీ, ఎప్పటిదో పిడి ఊడిన టెన్నిస్ సంచీ కూడా పంపింది. ఆ టెన్నిస్ సంచీలో చెమట కంపు కొట్టే తువ్వాలు ఉంది. తీసి బయట పడేసే ఓపిక కూడా లేదు ఆ ఇంట్లో. మావాడు మొహం గోడవైపు తిప్పుకునే దాన్నీ కుట్టాడు.

"ఒరేయ్, నువ్వు టూరుకి వెళ్తున్నావా, వాళ్ళకి జీతం లేని పనివాడిగా వెళ్తున్నావా?" అని అడిగాను.

"నువ్వూరుకో అక్కా. నలుగురితో పోతున్నప్పుడు నాలుగు పన్లు చెయ్యాలి."

"ఆ నలుగురిలో ఒక్కడు నీకేం చేస్తున్నాడో చెప్పు."

వాడు దబ్బనానికి దారం ఎక్కించుకుంటూ కూచున్నాడు.

చివరి ఆదివారం జెండాయన అసలు సంగతి బయటపెట్టాడు. "మన అదృష్టం, మన గుంపులోనే మెకానిక్ ఉన్నాడు" అని అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. "మీ సామాను వెంట తెచ్చుకోండి. దారిలో ఎవరిది ఏది పాడైనా చూసుకోవచ్చు. బస్సులో వెనక సీటు మీకూ మీ ఆవిడకీ రాశాను, పెట్టెలు అందుబాటులో ఉంటాయి" అన్నాడు. వెనక సీటుకి కిటికీ కూడా లేదని ఆయన చూపించిన సీట్ల కాగితం మీది బొమ్మలోనే తెలుస్తోంది. మావాడు చప్పట్లకి సిగ్గుపడి నవ్వుతున్నాడు. పక్కనే మా మరదలు నవ్వడం లేదు.

మరదలి గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. పెద్దాసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. ఆవిరిలో ఇరవై ఏళ్ళు నిలబడి నిలబడి మాట తగ్గిపోయింది. అడిగితే జవాబు, లేకపోతే లేదు. ఈ ప్రయాణం కోసం తనకంటూ కొనుక్కుంది ఒక్కటే, ఆకుపచ్చ ఉన్నికోటు. ఎండ మండిపోతుంటే అద్దం ముందు అది తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, చెమట కారుతున్నా విప్పకుండా నిలబడేది. నేను నవ్వితే తనూ నవ్వేది.

బయలుదేరడానికి రెండు రోజులుందనగా మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. పెట్టెలు రెండూ మంచం మీద ఉన్నాయి. మా తమ్ముడు వేలాడే కాటాకి తగిలించి తూస్తున్నాడు. ఆకుపచ్చ కోటు కుర్చీ మీద పడి ఉంది, దాని పక్కనే మరదలు నిలబడి ఉంది.

"అదెందుకు బయటుంది?" అన్నాను.

"బరువు ఎక్కువైందక్కా. అయినా దానికి చలి తెలీదులే."

మరదలి పెట్టె మూత ఎత్తాను. నాకు మొహం తిప్పుకునే అలవాటు లేదు. లోపల పట్టకార్లు మూడు, సుత్తి, దబ్బనాలు, జిగురు డబ్బా, సంచెడు చక్రాలు, మనిషికొకటి చొప్పున జిప్పు లాగే రన్నర్లు. ఆరు కిలోల పైచిలుకు ఇనుము. ఆడదాని బట్టలు ఓ మూలకి నొక్కుకుపోయి ఉన్నాయి.

"థూ!" అన్నాను. ఆ మాట రాయకూడదేమో గానీ అన్నాను. "నీ పెట్టెలో ఎందుకు పెట్టుకోలేదురా?"

"అందులో సూటు ఉంది కదక్కా, నలుగుతుంది."

"నీకు సూటు, దానికి సుత్తి! ఎవరో మహాతల్లి బడాయి సంచీ కోసం నీ పెళ్ళాం చలికి వణకాలా? నీ కుర్చీ పక్కన కూచోడానికి రోత పడ్డ మనుషులురా వాళ్ళు. అన్నయ్యగారూ అనగానే కరిగిపోయావు."

వాడు కాటా పక్కన పెట్టి మంచం అంచున కూచున్నాడు. మెల్లగా అన్నాడు.

"నాకు తెలుసక్కా. మూడు ఆదివారాలు ఆ హాల్లో నేనొక గోడని. ఇనుము లేకుండా వెళ్తే పదకొండు రోజులూ గోడనే. నన్నెవరు పలకరిస్తారు అక్కడ?"

నేను సుత్తి చేతిలోకి తీసుకుని బరువు చూశాను.

జవాబు కుర్చీ వైపు నుంచి వచ్చింది. మరదలు కోటు తీసి మడత పెడుతోంది.

"నాకు ఇనుం పని రాదు కదండీ. మరి నన్నెవరు పలకరిస్తారు?"

గొంతు పెంచలేదు. దుప్పటి మడిచినట్టే మడిచింది, అంచుకి అంచు కలిపి. మా తమ్ముడు ఆమె వంక చూశాడు. ఎన్నాళ్ళకి చూశాడో నాకు తెలీదు. తరవాత లేచి, ఒక్కో వస్తువూ ఆమె పెట్టెలోంచి తీసి మంచం కింద పెట్టాడు. చిన్న పట్టకారు ఒకటి మాత్రం చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు.

"ఇదొక్కటి నా పెట్టెలో పెట్టుకుంటాను. మన జిప్పు ఊడితే?"

"మనదైతే పెట్టుకోండి" అంది.

బయలుదేరే రోజు పొద్దున్నే ఆ కుర్చీల కొట్టు ముందు విమానాశ్రయానికి వెళ్ళే బస్సు నిలబడి ఉంది. సాగనంపడానికి నేనూ వెళ్ళాను. ఎవరికి ఏది ముందో తెలీక ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటున్నారు. ఫుట్‌పాత్ మీద ఇరవై ఎనిమిది ఎర్ర పెట్టెలు. తమది ఏదో పోల్చుకోలేక ప్రతి ఒక్కరూ పక్కవాళ్ళది లాగుతున్నారు, తిట్టుకుంటున్నారు. ఇంకా ఊరు దాటలేదు, అప్పుడే ఇంత అసహ్యం. ఇంతలో డాక్టరు భార్య పెట్టె పెటీల్‌మని విచ్చుకుంది. నాలుగు పెట్టెల సరుకు ఒక దాంట్లో కుక్కితే ఏ జిప్పు ఆగుతుంది?

"అన్నయ్యగారూ! జిప్పులాయనా! త్వరగా రండి!"

జెండాయన కూడా జెండా ఊపుతూ పిలిచాడు. అందరి తలలూ ఇటే తిరిగాయి. మా తమ్ముడి కాళ్ళు రెండడుగులు వాటంతటవే పడ్డాయి. ఆగాడు. తన పెట్టె పైజేబులోంచి పట్టకారు తీసి వెళ్ళి డాక్టరు చేతిలో పెట్టాడు.

"రన్నర్ వెనక భాగం రెండువైపులా మెల్లగా నొక్కండి, బిగుసుకుంటుంది. ముందు సగం బట్టలు తీసెయ్యండి. మీకు రోజూ పళ్ళతో అలవాటే కదా, పట్టుకుని కదలకుండా ఉంచడం."

"నేనా?" అన్నాడు డాక్టరు.

"నేను మా ఆవిడకి కిటికీ సీటు చూడాలండీ. మేమూ డబ్బు కట్టాం."

డాక్టరు తెల్ల ప్యాంటుతో ఫుట్‌పాత్ మీద మోకాళ్ళు వేశాడు. భార్య మొహం ఎర్రగా, పెట్టె రంగులో ఉంది. ఎవరో "పొగరు" అన్నారు. మా తమ్ముడికి వినబడింది, చెవులు కందిపోయాయి, అయినా వెనక్కి తిరగలేదు. మెట్టెక్కి మూడో వరసలో కూచున్నారు ఇద్దరూ. జెండాయన కాగితం చూపించి ఏదో అన్నాడు. మరదలు ఒంటిమీద కోటు గుండీ ఒకటి పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది, విననట్టే.

అయిదో రోజు ఫోను చేశాడు.

"ఎవరూ మాట్లాడటం లేదక్కా. భోజనాల దగ్గర మా బల్ల దగ్గరికి ఎవరూ రారు."

"నేను చెప్పలేదూ, అలాంటి మనుషులని! మరేం చేస్తున్నారు మీరిద్దరూ?"

"ఏముంది, మేమిద్దరమే మాట్లాడుకుంటున్నాం. పొద్దుటినుంచి సాయంత్రం దాకా. ఇది ఇంత మాట్లాడుతుందని నాకు తెలీదే! ఆసుపత్రిలో దుప్పట్ల దొంగ గురించి చెప్పిందక్కా, ఆరేళ్ళ నాటి కథ. ఏదో పెద్ద కోట చూపించార్లే, నేను సరిగ్గా చూడనేలేదు."

ఆ మాట విని నాకు ఒళ్ళు మండింది. కోట చూడ్డానికని పోయి, చూడకుండా పెళ్ళాంతో కబుర్లా? చెవులు కనబడే ఫొటోలు, నెలన్నర మీటింగులు, కాళ్ళు కొరికే బూట్లు, ఇంత హంగామా చేసి అంత దూరం పోయి చేసే పనా అది? ఆ కబుర్లేవో ఇంట్లోనే చెప్పుకోవచ్చుగా.

అదే అన్నాను వాడితో. వాడు ఫోను మరదలికి ఇచ్చేశాడు.