వాడంతా కుట్టిన లంగా

ఈరోజు పొద్దున నేత జాకెట్ బట్ట కోస్తుంటే గంజి వాసన వచ్చింది. మగ్గం దిగి ఇంకా నీళ్లు తగలని నారాయణపేట బట్టకుండే వాసన అది. కొంచెం పులుపు, కొంచెం అన్నం వార్చిన వంటింటి కమ్మదనం. కత్తెర చంక దగ్గర మలుపు తిరగగానే అరచేయంత ముక్క అంచుతో సహా బల్ల మీద పడింది. నేను దాన్ని తాకకముందే, ఎదురుగా నిలబడ్డ గిరాకీని నా నోరు అడిగేసింది: "ఈ ముక్క ఉంచుకోనా అమ్మా?"

ఆ మాట నాకు నేర్పింది చంద్రమ్మక్క. ఆమె పోయి ఏడాది దాటింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ప్యాంట్లు కుట్టే దుకాణం మూతపడింది. అందరూ రెడీమేడ్‌కు అలవాటు పడ్డారు. బస్టాండు వెనుక ఆడవాళ్ల బట్టలు కుట్టే చంద్రమ్మక్క పిలిచి ఒక మిషన్ అప్పగించింది. ఆడమనిషి కింద పనిచేయడం నాకు చిన్నతనంగా తోచింది. పాత గిరాకీలు చూస్తారని వీధికి వీపు పెట్టి కూర్చునేవాణ్ని. కొన్నాళ్లు చూసి, ఒకరోజు నేను వచ్చేసరికి అక్క నా మిషన్‌ను వీధివైపు తిప్పి పెట్టింది. "నీ వీపు జూసి ఎవరో దొంగను దాచిపెట్టిన్ననుకుంటున్నరు. జర మొఖం సూపెట్టు తమ్మీ," అంది. దుకాణంలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. కాసేపటికి నేనూ నవ్వాను.

కోయగా మిగిలిన ప్రతి ముక్కనూ ఆమె మూటగట్టి, కుట్టిన జాకెట్‌తో పాటు తిరిగిచ్చేసేది. కావాలనుకుంటే అడిగి ఉంచుకునేది. మా దిక్కు, పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే ఇంటింటా గుడ్డముక్కలు అడిగి తెచ్చి, వాటితో మొదటి అంగి కుడతారు. ఆ చిన్న అంగీలు చంద్రమ్మక్కే కుట్టేది. నాకది ఉత్త చాకిరీ అనిపించేది. కొత్త గుడ్డ కొని కుడితే అయిపోతుంది కదా అన్నాను ఒకసారి. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూనే, "కొంటే అది ఒక్క ఇంటి బట్ట. అడిగి తెస్తే వాడంతా ఆ పిలగాన్ని అర్సుకుంటది," అంది. విన్నాను గానీ, అది నాకోసం చెప్పిన మాట అనుకోలేదు.

ఆ ఏడు బతుకమ్మకు మా బిడ్డ శిరీషకు కొత్త లంగా కుట్టిస్తానని మాటిచ్చాను. అప్పుడు దానికి ఏడేళ్లు. పండుగ దగ్గర పడింది, బట్ట తేలేకపోయాను. అక్కను అడిగితే ఇచ్చేదే. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. అడగకుండా తీసుకోవడానికి మాత్రం రాలేదు. మూటల్లోకి పోవాల్సిన ముక్కల్లో అంచులున్నవి ఏరి జేబులో వేసుకుని, ఇంటి దగ్గర పట్టీలు పట్టీలుగా కలిపి లంగా కుట్టాను. గీతలకు గీతలు కలిపాను. నిజం చెప్పాలంటే బాగా కుదిరింది. హైదరాబాద్ నుంచి తెప్పించానని బిడ్డకు అబద్ధం చెప్పాను.

బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు శిరీష అది కట్టుకుని గిరగిరా తిరుగుతూ వెళ్లింది. పక్క వీధి లావణ్య కుచ్చు పట్టుకుని చూసి, "గిది మా అమ్మ జాకెట్ బట్ట," అంది. ఇంకో పిల్ల ఇంకో పట్టీ మీద వేలు పెట్టి, "గిది మా పెద్దమ్మది," అంది. పిల్లలకది ఆటైపోయింది. నేత ఊళ్లో ఎవరి చీర అంచు ఏదో పసిపిల్లలకు కూడా తెలుస్తుంది. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన దర్జీని, ఆ సంగతే మరిచిపోయాను. శిరీష ఇంటికొచ్చి లంగా విప్పి నా ఒళ్లో పెట్టింది.

"నాయినా, గిది హైదరాబాద్‌ది కాదు. నేనిగ బతుకమ్మకు పోను."

మర్నాడు లంగా తీసుకుపోయి అక్క ముందు పెట్టి అంతా చెప్పాను. ఆమె దాన్ని తిరగేసి కుట్లన్నీ వేలితో తడిమి చూసింది. "పనిమంతునివే. నోరే లేకపాయె," అంది. తర్వాత బ్లేడు చేతికిచ్చి, కుట్లు విప్పి ఏ ముక్క ఆ ఇంటికి పట్టుకుపొమ్మంది. తోడు రమ్మంటే రానంది.

మొదట వెళ్లింది లావణ్య వాళ్ల ఇంటికే. వాళ్లమ్మ ముందు ముక్క పట్టుకుని నిలబడ్డాను. ఎట్లాగో చెప్పుకున్నాను. క్షమించమన్నాను. ఉంచుకోనిస్తారా అని అడిగాను. ఆమె, "గింత ముక్కకు గంత మొఖం ఎందుకు జేస్తవన్నా," అని లోపలికి పోయి, తన పెళ్లి చీరది మిగిలిన పెద్ద ముక్క తెచ్చింది. "లంగకు గిది పెట్టు. గాని ఎన్క పెట్టకు, ముందల పెట్టు."

తక్కిన ఇళ్లలోనూ ఇంచుమించు అదే. ఒకావిడ మాత్రం తన ముక్క తీసుకుని తలుపేసుకుంది. అది ఆమె హక్కు. ఇద్దరు తోడికోడళ్లు ఎవరి ముక్క పక్కన ఎవరిది రావాలని వాదులాడుకున్నారు. సాయంత్రానికి లంగాకు పోను జాకెట్‌కు కూడా సరిపడా బట్ట పోగైంది. పండుగ చివరి రోజు, సద్దుల నాటికి అక్కా నేనూ కలిసి కుట్టాం.

లంగా అయితే సిద్ధమైంది గానీ బిడ్డ కదల్లేదు. పక్కన కూర్చుని, నేను చెప్పింది అబద్ధమని, అడగకుండా తెచ్చానని, ఈసారి అడిగి తెచ్చానని చెప్పాను. శిరీష గోడవైపు తిరిగి కూర్చుంది. అప్పుడే చంద్రమ్మక్క తంగేడు పూల తట్టతో గడపలోకి వచ్చింది. బతిమాలలేదు. "గీ లంగల నా చీర ముక్క గూడ ఒకటుంది బిడ్డా. కండ్లు కనవడ్తలేవు, ఏడుందో జర సూపెట్టు," అంది. అది కుట్టింది ఆమే. శిరీష వెతికి వెతికి నడుము దగ్గర ఎర్ర ముక్క చూపించింది. చూపించాక కట్టుకోక తప్పలేదు.

ఆ సాయంత్రం బతుకమ్మల దగ్గర మళ్లీ అదే ఆట మొదలైంది. ఈసారి తల్లులూ చేరారు. "నాదేది?" అని ఒకరు, "నాది గిదే," అని ఒకరు, మా బిడ్డను బొంగరంలా తిప్పేశారు. "మా అమ్మది ముందల ఉంది," అని లావణ్య అందరికీ చాటింది. శిరీష చేతులు చాచి తనంతట తనే తిరిగింది. ఆ నవ్వు దూరంగా నిలబడ్డ నాకు వినిపించింది. చంద్రమ్మక్క చప్పట్లు ఆపి నావైపు చూసి, మళ్లీ ఆటలో కలిసింది.

ఇప్పుడు ఆ దుకాణం నేను నడుపుతున్నాను. మిషన్ వీధివైపే ఉంది. అడగాల్సి వచ్చినప్పుడు ఇప్పటికీ ఒక్క క్షణం అభిమానం అడ్డొస్తుంది. ఈ ఉదయం అది అడ్డొచ్చేలోపే మాట బయటికి వచ్చింది. ముక్క ఎవరికని అడిగింది ఆ గిరాకీ. మగ్గాల వీధిలో ఎన్నో ఏళ్లకు దక్కిన పసిబిడ్డ అంగికని చెప్పాను. ఆమె ముక్కను నా చేతిలోంచి వెనక్కి తీసుకుంది. ఇవ్వదేమో అనుకున్నాను. అంచు ముడతలు సాపుచేసి, మళ్లీ నా అరచేతిలో పెట్టింది.

"అంచు కనవడాలె అన్నా. ఛాతి మీద పెట్టు."