ఏడెనిమిదులు యాభై నాలుగు

లీలమ్మ టీచర్‌కు ఒకటే అలవాటు. బోర్డు మీద ఒక్క తప్పైనా రాయనిదే ఆమెకు పాఠం చెప్పినట్టుండేది కాదు. ఛత్రినాక సర్కారు బడిలో నాలుగో తరగతికి వచ్చిన పిల్లలు ఈ సంగతి మొదటి వారంలోనే కనిపెట్టేసేవారు. ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాసి, చాక్‌పీసు చెవి వెనక పెట్టుకుని, ఏదో ఘనకార్యం చేసినట్టు పిల్లల వైపు తిరిగేవారు ఆవిడ.

"గట్లెట్ల టీచర్? తప్పు గద."

"తప్పా? నాకు గిక్కడనే గడబిడైతది బిడ్డా. ఎవరన్నా జర చెప్పుండ్రి."

ఇక చూడాలి లొల్లి. ఒకరు వేళ్లు లెక్కబెట్టి, ఒకరు చింతగింజలు పరిచి, ఇంకొకరు బోర్డు దగ్గరికే ఉరికి ఆమెకు నేర్పేవారు. ఆమె బుద్ధిగా తలాడించి దిద్దుకునేవారు. మర్నాడు ఇంకో తప్పు. ఒకరోజు సూర్యుణ్ణి భూమి చుట్టూ తిప్పారు. ఇంకోరోజు మన మూసీని తీసుకెళ్లి గోదావరిలో కలిపేశారు.

ఆ తరగతిలో రూప ఉండేది. తండ్రి గుండయ్య ఆటో నడిపేవాడు. ఒక రాత్రి అన్నం తింటూ, "మా టీచర్‌కు ఎక్కాలు నేనే నేర్పిన బాపూ" అని కూతురు గొప్పగా చెబితే ఆయనకు ముద్ద దిగలేదు. పొద్దున్నే సవారీలు వదులుకుని హెడ్‌మాస్టర్ రామలింగయ్య ముందు నిలబడ్డాడు.

"సారూ, మా పోరిని చదువుకొమ్మని తోలిన. టీచర్‌కు చదువు చెప్పుమని కాదు."

మర్నాడు తానే క్లాసులో కూర్చుని చూస్తానన్నారు రామలింగయ్య. ఆ మాట పిల్లల చెవిన పడింది. టీచర్ ఉద్యోగం పోతుందని రూపకు ప్రాణం మీదికొచ్చినంత పనైంది. ఇంటర్వెల్‌లో అందరూ కలిసి ఆమెను నల్లా దగ్గర పట్టుకున్నారు.

"టీచర్, రేపు సారొస్తడు. ఏడెనిమిదులు యాభై ఆరు. మళ్ల మళ్ల అనుండ్రి."

పాపం, ఆమె మళ్లీ మళ్లీ అన్నారు. వెస్లీ అనే పిల్లవాడికి అప్పటికీ నమ్మకం కుదరక, మూసీ కలిసేది కృష్ణలో అని ఆమె అరచేతిలో పెన్నుతో రాసి పెట్టాడు.

మర్నాడు హెడ్‌మాస్టర్ వెనక బెంచీలో కూర్చున్నారు. గుండయ్య కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. టీచర్ బోర్డు దగ్గరికి వెళ్లి, ఒకసారి అరచేయి చూసుకుని, నిదానంగా మూసీని మళ్లీ గోదావరిలోనే కలిపారు. క్లాసంతా నెత్తి పట్టుకుంది. వెస్లీ ఉండబట్టలేక లేచి, అనంతగిరి గుట్టల దగ్గర మొదలుపెట్టి అఫ్జల్‌గంజ్ మీదుగా వాడపల్లి దాకా గీత గీసి, మూసీని కృష్ణలో కలిపి వచ్చి కూర్చున్నాడు.

"పోరగాండ్లకైతే అన్నీ వస్తున్నయి గుండయ్యా" అన్నారు రామలింగయ్య బయటికొచ్చి. "టీచర్‌కు గూడ మెల్లమెల్లగ వస్తయి తియ్."

ఇప్పుడు ఆ తరగతికి రూపే టీచర్. లీలమ్మ టీచర్ రిటైరై మెదక్‌లో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. ఆ బోర్డు ముందు నిలబడ్డప్పుడల్లా రూపకు ఆమె మీద బెంగ. వెనక బెంచీలో ఒక్కరోజు వచ్చి కూర్చుంటే చాలనిపిస్తుంది. ఫోన్ చేద్దామని తీసి, ఏం చెప్పాలో తోచక పెట్టేస్తుంది.

మొన్నటి ట్రైనింగ్‌లో ఆ బెంగ మరీ ఎక్కువైంది. పిల్లలకు తప్పు చూపించి నేర్పాలా, ఒప్పు మాత్రమే చూపించాలా అని పంతుళ్లు రెండు జట్లయ్యారు. తప్పు చూపిస్తే అదే మనసులో నాటుకుంటుందని ఒక జట్టు, దిద్దుకున్న తప్పే గట్టిగా గుర్తుంటుందని రెండో జట్టు, చెరో పరిశోధనా పట్టుకుని భోజనాలు చల్లారేదాకా వాదించుకున్నారు. లీలమ్మ టీచర్ ఉంటే ఏదో ఒక తప్పు చెప్పి ఇద్దరినీ ఒక్కటి చేసేవారని రూప అనుకుంది.

రూప ఫికర్ వేరు. ఇప్పుడు పరీక్షలన్నీ ట్యాబులోనే. పోయిన నెల స్వీటీ అనే పిల్ల తప్పు చేస్తే, తెర మీద ఆమె పేరు అందరి ముందూ ఎర్రగా కనబడి పిల్లలంతా నవ్వారు. అప్పటి నుంచి ఆ పిల్ల నోరు విప్పడం లేదు. బడి మానేస్తానని ఇంట్లో ఏడుస్తోందని తల్లి వచ్చి చెప్పి పోయింది. అందుకని ఈసారి రూప ట్యాబు పక్కనబెట్టి కాగితం మీద పరీక్ష పెట్టింది. సాయంత్రం దిద్దుతుంటే స్వీటీ కాగితం చేతికొచ్చింది. ఏడెనిమిదులు యాభై నాలుగు.

రూప పెన్ను ఆగింది. ఆ యాభై నాలుగు తనదే. చిన్నప్పుడు పరీక్షలో తను రాసిందే. ఎవరి కంటా పడకుండా నాలుగు మడతలు పెట్టి టీచర్ కాగితం చేతికిచ్చారు. ఆ మర్నాడే అది బోర్డెక్కింది. టీచర్‌కు కూడా నాలాగే గడబిడవుతుందని అప్పుడు ఎంత ధైర్యమొచ్చిందని. మూసీని మొదట గోదావరిలో కలిపింది కూడా వెస్లీయే అయి ఉంటాడు. ఎవరి తప్పైనా సరే, క్లాసు నవ్వింది మాత్రం టీచర్‌ను చూసి.

పొద్దున రూప బోర్డు మీద యాభై నాలుగు రాసి, చాక్‌పీసు చెవి వెనక పెట్టుకుంది.

"నాకు గిక్కడనే గడబిడైతది. ఎవరన్నా జర చెప్పుండ్రి."

పిల్లలు ఘొల్లుమన్నారు. స్వీటీ మాత్రం నవ్వలేదు. చాలాసేపు బోర్డునూ టీచర్‌నూ మార్చి మార్చి చూసింది.

"మీకు గూడనా టీచర్?" అంది.

లేచి వచ్చి చాక్‌పీసు అడిగి తీసుకుంది. ఏడేసి చుక్కల వరుసలు ఎనిమిది పెట్టి, వేలితో తాకుతూ లెక్కబెట్టి, "యాభై ఆరు. ఫికర్ చెయ్యకుండ్రి టీచర్, నేర్చుకుంటరు" అంది.

సాయంత్రం రూప మెదక్‌కు ఫోన్ చేసింది.

"టీచర్, నేను రూపను. గుండయ్య బిడ్డను."

"నువ్వా బిడ్డా. నాకు నేర్పిన ఎక్కాలు యాదికున్నయా? ఏడెనిమిదులు ఎంత?"

"యాభై నాలుగు టీచర్."

అవతల నుంచి నవ్వు వినిపించింది. ఆ నవ్వు కోసం రూప ఎన్నాళ్లుగా మొహం వాచిపోయిందో.

"ఎవరు రాసిండ్రు బిడ్డా?"

"చెప్ప టీచర్" అంది రూప.