చెల్లెలిని సోమరి అన్న ఆరేండ్లు

హిందూపురంలో మా గార్మెంట్ ఫ్యాక్టరీలో నేను లైన్ సూపర్‌వైజర్‌ని. ఒకరోజు మధ్యాహ్నం నా చెల్లెలు సుజాత కుట్టు మిషన్ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె ముందు కాలర్లు గుట్టగా పడి ఉన్నాయి. ఏదో తేడాగా ఉందని నాకు అప్పుడే అనిపించింది. కానీ కోపం ముందొచ్చింది.

"తినేదానికుండే ఓపిక పనికి ల్యాదా?" అని నలభై మంది ముందు అరిచాను.

"చెయ్యాలనే ఉండాదక్కా. చెయ్యి లేస్తాలేదు," అంది. ఆ వారమే పని మానేసి పెనుకొండకు, అత్తగారింటికి వెళ్ళిపోయింది.

నిజానికి మా ఇద్దరిలో చురుకైనది తనే. ధర్మవరంలో మా అమ్మతో పాటు పట్టుచీరలకు కుచ్చులు వేసేటప్పుడు, నేను ఒకటి ముగించేలోగా తను రెండు వేసేది. కూతురు పుట్టాక మారిపోయింది. కాన్పులో రక్తం బాగా పోయింది, మూడు బాటిళ్ళు ఎక్కించారు. తర్వాత పాలు పడలేదు. నెలసరి మళ్ళీ రాలేదు. పాలు పడతాయని అవ్వ వెల్లుల్లి పెట్టమంది, పెట్టాం. అంతటితో ఆ మాట మరచిపోయాం.

మా మరిది, అంటే సుజాత భర్త, ఆటో తోలుతాడు. తనే అన్నం వండి, పాపకు జడవేసి బడికి పంపేవాడు. "నువ్వే గారాబం చేసి చెడగొడ్తాండావప్పా," అని ఆయన్నీ తప్పుపట్టాను. ఎండాకాలంలో కూడా సుజాత దుప్పటి కప్పుకుని పడుకుంటే, పని తప్పించుకునే వేషం అనుకున్నాను.

పాపకు ఆరేళ్ళు వచ్చాక ఒక డాక్టర్ దగ్గర రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ తక్కువ అన్నారు. మాత్రలు మొదలుపెట్టిన పదిరోజులకే వాంతులు, కళ్ళు తిరగడం. మరిది ఆటోలోనే హిందూపురం ఆస్పత్రికి తెచ్చాడు. బీపీ పడిపోయింది, సోడియం బాగా తక్కువ.

అక్కడి డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "డెలివరీలో బ్లీడింగ్ ఎక్కువైందా? పాలు పడినాయా? పీరియడ్స్ వస్తున్నాయా?"

చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది. "ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

కార్టిసాల్, ప్రొలాక్టిన్ పరీక్షలు, తర్వాత ఎంఆర్ఐ చేశారు. జబ్బు పేరు షీహాన్ సిండ్రోమ్ అట. "తలలో శనగగింజంత గ్రంథి ఉంటుంది, పిట్యూటరీ. కాన్పులో రక్తం అందక అది దెబ్బతింది. ఒంటికి శక్తినిచ్చే హార్మోన్లన్నిటికీ అదే ఆర్డర్ ఇవ్వాలి. ముందు స్టెరాయిడ్ ఇచ్చి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర ఇవ్వాలి, లేకుంటే ఇట్లా ప్రాణం మీదికొస్తుంది. ఈమెది సోమరితనం కాదు," అంది. సోమరి అన్న మాట నేను డాక్టరమ్మతో అనలేదు. మరిది చెప్పి ఉంటాడు.

హైడ్రోకార్టిసోన్ అనే ఆ స్టెరాయిడ్ మొదలుపెట్టిన నాలుగో రోజు సుజాత తనంతట తానే అన్నం అడిగింది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను.

"నువ్వు తిట్టినందుకు గాదక్కా బాధ," అంది. "నేను గూడా సోమరిదాన్నే అనుకుంటి. ఈ పొద్దన్నా నాకు బుద్ధి ఇయ్యి సామీ అని దినామూ మొక్కుకుంటా ఉంటి."



ఆర్నెల్లకు మళ్ళీ ఒక దెబ్బ తగిలింది. జ్వరమొచ్చినప్పుడు, స్టెరాయిడ్ మంచిది కాదని పక్కింటివాళ్ళు చెబితే తను మాత్రలు ఆపేసింది. మళ్ళీ ఐసీయూ. "జ్వరమొస్తే డోసు పెంచాలి గానీ ఆపకూడదు. ఇవి బతికినన్నాళ్ళూ వేసుకోవాల్సిందే," అని డాక్టరమ్మ గట్టిగా కోప్పడింది.

ఇప్పుడు సుజాత పెనుకొండలో జాకెట్లు కుడుతోంది. సాయంత్రానికి అలసిపోతుంది, కానీ పొద్దున్నే లేస్తుంది. రెండో బిడ్డ కావాలని తనకు చాలా ఆశ ఉండేది, ఆ ఆశ వదులుకుంది. పాప చిన్నతనం తనకు సగం కూడా గుర్తులేదు. నేను నాలుగింటికే లేచి పరుగెత్తడం నా గొప్పతనమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అందులో నా ఒంటి పుణ్యమెంతో, నా పట్టుదలెంతో ఇప్పుడు చెప్పలేను. లైన్‌లో ఎవరైనా వెనకబడితే ఈ మధ్య అరవబోయి ఆగుతున్నాను. ఒక్కోసారి ఆగలేకపోతున్నాను కూడా.

మీకు చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో ఏ ఆడమనిషైనా కాన్పు తర్వాత నీరసించిపోతే, డాక్టర్ దగ్గర కూర్చోగానే కాన్పులో ఎంత రక్తం పోయిందో, పాలు పడ్డాయో లేదో, నెలసరి వస్తోందో లేదో మీరే చెప్పండి. వాళ్ళు అడిగేదాకా ఆగకండి. మమ్మల్ని అడిగే మనిషి దొరకడానికి ఆరేండ్లు పట్టింది.