ఇరవై నిమిషాల గుత్తాధిపతి

ఆ రోజుల్లో గడియారానికీ డైరీకీ అందనిది లోకంలో లేదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. అనంతపురం నుంచి వచ్చి, హైటెక్ సిటీలో ఒక న్యాయ సలహా సంస్థలో, వ్యాపారాల్లో గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే పోటీ చట్టం చూసే విభాగంలో జూనియర్‌గా చేరిన మూడో నెల అది. గోపన్‌పల్లిలోని మా అపార్ట్‌మెంటు దగ్గరికి ఉదయం పూట బస్సు లేదు, పిలవనిదే ఆటో రాదు. కారు ఉన్నది నా ఒక్కడికే. అందువల్ల పక్క ఫ్లాటు నర్సక్క, కింది అంతస్తు గోదావరి బాబాయి రోజూ నాతోనే కొత్తగూడ దాకా వచ్చేవారు. (ఒంటరిగా ఉండే నాకు రోజు మొత్తంలో దక్కే కబుర్లు ఆ ముప్ఫై నాలుగు నిమిషాలవే. ఆ సంగతి మాత్రం డైరీలో రాసుకోలేదు.)

ఆ వారమే మా పెద్ద లాయరు గారికి ఒక నోటు రాసిచ్చాను: వాడుకరులు వెళ్ళిపోతారన్న భయం లేకుండా ధర పెంచగలగడం, షరతులు బిగించగలగడమే మార్కెట్ శక్తి. రాస్తుండగా నా కారు గుర్తుకొచ్చింది. మా గేటు దగ్గర దాని మార్కెట్ వాటా నూటికి నూరు! సోమవారం కారులో టిఫిన్ డబ్బా తెరవరాదన్నాను; ఊరుకున్నారు. మంగళవారం పాటలు వద్దన్నాను; ఊరుకున్నారు. బుధవారం, ఇకపై 8:10కి కాదు, 7:50కే బయలుదేరతామని ప్రకటించాను.

"ఏంది తమ్మీ గిట్ల? దవాఖానల నా డ్యూటీ తొమ్మిదింటికి. జర ఆగరాదు," అంది నర్సక్క.

"నిబంధన అక్కా."

"అలాగేనండి, తమరి చిత్తం," అన్నారు బాబాయి, ముఖంలో నవ్వు కనిపించనీయకుండా.

గురువారం 7:50కి గేటు దగ్గర ఎవరూ లేరు. నా నిబంధనను నేనే అతిక్రమించి 8:10 దాకా నిలబడ్డాను. అప్పుడొచ్చింది, పాటలు మోగించుకుంటూ, ఒక సెవెన్ సీటర్ ఆటో. బాబాయి ముందురోజే డ్రైవరుతో మాట్లాడి పెట్టారట. (కొత్త పోటీదారు రంగప్రవేశానికి అయిన శ్రమ: ఒక్క ఫోను.) లిఫ్టు దిగి వచ్చిన ఇద్దరూ నన్ను దాటుకుని అందులో ఎక్కారు. నర్సక్క డబ్బా మూత తీసింది.

"వస్తవా తమ్మీ? సీటున్నది. ఇడ్లీ గూడ ఉన్నది."

"మా బండికీ ఓ నిబంధన ఉందండోయ్," అన్నారు బాబాయి. "మాట్లాడకుండా కూర్చుంటే మధ్యలో దింపేస్తాం."

కారుకు తాళం వేసి ఎక్కాను.

మరునాడు నోటు దిద్దాను: వాటా ఒక్కటే చూస్తే చాలదు, మరొకరు ఎంత సులువుగా రంగంలోకి రాగలరో కూడా చూడాలి. "బాగుందయ్యా, ఎక్కడ చదివావు?" అని పెద్ద లాయరు గారు అడిగితే ఏదో పుస్తకం పేరు చెప్పాను.

ఆ డైరీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. గురువారం పేజీలో: బయలుదేరినది 8:12. ఆలస్యం 22 నిమిషాలు. ఇడ్లీలు నాలుగు. చేరిన సమయం రాయవలసిన గడి ఖాళీ. గడియారాన్ని అంతగా నమ్మిన ఆ కుర్రవాడు ఆ ఉదయం దాన్ని చూసుకోలేదు.