ఫిర్యాదు చేస్తేనే టపాకాయ

ఎమిల్ కొవాండా ఇంట్లో జూలై నాలుగున ఫిర్యాదు చెయ్యనివాడికి టపాకాయ లేదు. చిన్నా పెద్దా తేడా లేదు. వాకిట్లో బోర్లించిన పాలసీసాల చెక్కపెట్టె ఎక్కాలి. ఇంట్లోవాళ్ళ మీదైనా సరే, దేశాధ్యక్షుడి మీదైనా సరే, ఒక్క ఫిర్యాదు గట్టిగా చెప్పి దిగాలి. ఆఖరి జువ్వ పేలేదాకా దానికి ఎవరూ బదులు చెప్పకూడదు. స్వాతంత్ర్యం వచ్చిన రోజని అమెరికా అంతా జెండాలు కట్టుకుని, మాంసం కాల్చుకు తింటుంటే, నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య ఆ ఒక్క ఇంట్లో మాత్రం జనం వరసకట్టి సణుగుతుంటారు.

"మా నాన్న బొహీమియా నుంచి ఓడెక్కి వచ్చింది దేనికనుకున్నారు?" అని ఎమిల్ ఏటా అడుగుతాడు. "అక్కడ దొరగారి గుర్రం కుంటుతోందన్నందుకు ఆయన్ని మూడు రోజులు కొట్లో పడేశారు. ఇక్కడ అధ్యక్షుణ్ణే గాడిద అన్నా అడిగే నాథుడు లేడు. ఇంత స్వేచ్ఛ ఇచ్చాక నోరు మూసుక్కూర్చుంటే ఎలా?"

కోడలు మార్లిస్ కాపరానికి వచ్చిన మొదటి ఏడు, "నాకేం లోటు లేదు మామయ్యా" అంది.

"లోటు లేనివాళ్ళు స్వర్గంలో ఉంటారమ్మా. ఇది నెబ్రాస్కా. ఎక్కు."

"బంగాళాదుంపల్లో ఉప్పు కాస్త ఎక్కువైంది."

"ఎవరు వండారు?"

"అత్తయ్య."

"భేష్" అని ఆయన జువ్వ వెలిగించాడు. అత్తగారు లిబుషె నియమం ప్రకారం ముప్పావుగంట పెదవి కదపలేదు. చివరి జువ్వ పేలిన మరుక్షణం, "ఉప్పు వేసింది నువ్వే కదమ్మా" అంది.

అసలు ఆ ఇంట్లో ఫిర్యాదులకు కరువు లేకపోవడానికి కారణం ఎమిలే. జూన్ ఆఖరి వారం వచ్చిందంటే ఆయనకి ఏదో పూనేది. ఒక ఏడు వీధి తలుపుకి గులాబీ రంగు కొట్టాడు. ఇంకో ఏడు పళ్ళు పెట్టి చేసే తీపి కుడుముల్లో పంచదార బదులు ఉప్పు పోశాడు. మరో ఏడు వారం రోజులు తెల్లవారుజామునే లేచి అకార్డియన్ మీద ఒకే పాట వాయించాడు, అదీ సగమే. కొడుకు డెల్మార్ ఏటా పెట్టె ఎక్కి, తండ్రి చేసిన నిర్వాకాన్ని ఒక్క ముక్కలో చెప్పి దిగిపోయేవాడు. "తలుపు." "ఉప్పు." "పాట." పన్ను నొప్పికి దవడ వాచిపోయినా "బాగానే ఉంది" అనే మనిషి వాడు. సంవత్సరం మొత్తంలో ఏదైనా బాగాలేదని ఒప్పుకునేది ఆ ఒక్క రోజే.

"మీరు ఎప్పటికీ మారరా మామయ్యా?" అని మార్లిస్ విసుక్కునేది.

"మారితే మీరంతా దేని మీద ఏడుస్తారమ్మా?" అనేవాడు ఆయన.

మార్లిస్ కాపరానికి వచ్చిన పదకొండో ఏడు, జూన్ ముప్ఫైన వడగళ్ళు పడ్డాయి. పన్నెండు నిమిషాలు. నడుమెత్తు మొక్కజొన్న ఇంటి దగ్గర్నుంచి వాగు దాకా ఆకన్నది లేకుండా నేలమట్టమైంది. డెల్మార్ గట్టు మీద నిలబడి అంతా చూసి, ఇంట్లోకి వచ్చి, "బాగానే ఉంది" అన్నాడు. ఆ తరవాత నోట్లోంచి మాట లేదు, నోట్లోకి ముద్ద లేదు. తెల్లారితే ట్రాక్టరు షెడ్డులోకి వెళ్ళి తలుపేసుకునేవాడు.

మార్లిస్‌కి గుండెల్లో రాయి పడింది. కిందటేడు వాగు అవతలి రైతు ఒకాయన ఇలాగే నాలుగు రోజులు మూగగా తిరిగి, ఐదోనాడు షెడ్డులోకి వెళ్ళాడు. మళ్ళీ తన కాళ్ళతో బయటికి రాలేదు. అందుకని ఆమె గంటకోసారి ఏదో వంక పెట్టి షెడ్డు తలుపు తట్టేది. కాఫీ అంది. సుత్తి కావాలంది. పిల్లి కనబడటం లేదంది. వాళ్ళకి పిల్లి లేదు.

ఇల్లు ఇలా ఏడుస్తుంటే ఎమిల్ ఊళ్ళోకి వెళ్ళి పెట్టెడు టపాకాయలు పట్టుకొచ్చాడు.

"మీకిదేం పోయేకాలం మామయ్యా" అంది మార్లిస్. ఆయన్ని ఆ మాట అనడం అదే మొదలు. "చేలో గింజ లేదు, మొగుడు మనిషిలా లేడు, పండగట పండగ. ఆ పాలసీసాల పెట్టె తీసుకెళ్ళి పొయ్యిలో పెడతాను."

"పెట్టు. ముందు దాన్నెక్కి ఆ ముక్క చెప్పి, తరవాత పెట్టు."

వింతేమిటంటే, ఆ ఏడు ఎమిల్ ఒక్క వెధవపనీ చెయ్యలేదు. కుడుములు తియ్యగా కుదిరాయి. అకార్డియన్ పెట్టె దాటి రాలేదు. చొక్కా కూడా ఉతికిందే వేసుకున్నాడు. లిబుషె భర్తని చూస్తూ రోజంతా చేతులు నలుపుకుంటూనే ఉంది.

పొద్దు వాలింది. ముందు తొమ్మిదేళ్ళ మనవరాలు జనెల్ ఎక్కింది. "అమ్మ మనకి పిల్లి ఉందని అబద్ధాలు చెబుతోంది."

"భేష్."

మార్లిస్ ఎక్కింది. "కొడుకు ఏమైపోతున్నా మామయ్యకి పట్టదు."

"భేష్" అన్నాడు ఎమిల్. ఆ మాట మటుకు కాస్త మెల్లగా వచ్చింది.

డెల్మార్ ఎక్కాడు. ఎక్కి నిలబడ్డాడు.

"ఏం లేదు."

"కుదరదు."

"కుడుముల్లో ఉప్పు."

"నువ్వు తినలేదు. తింటే తియ్యగానే ఉన్నాయి."

"పాట."

"వాయించలేదు."

"వదిలెయ్ నాన్నా."

"వదలను. నువ్వు చెప్పేదాకా ఇక్కడే ఉంటా" అని ఎమిల్ అగ్గిపుల్ల గీశాడు. అది వేళ్ళదాకా కాలితే పారేసి ఇంకోటి గీశాడు. చీకటి పడుతోంది, దోమలు పీక్కుతింటున్నాయి. డెబ్భై ఆరేళ్ళ మనిషి, నిలబడ్డచోటు నుంచి కదలడు. ఇక చాలించండని మార్లిస్ అరవబోతే లిబుషె మణికట్టు పట్టి ఆపింది.

"చుట్టుపక్కలవాళ్ళంతా వండి గిన్నెలు పట్టుకొస్తున్నారు" అన్నాడు డెల్మార్. అంతా తలెత్తారు. "పదిహేడు గిన్నెలు. గిన్నె పెట్టి, భుజం తట్టి, వచ్చే ఏడు చూసుకోవచ్చులే అంటారు. నాకు వచ్చే ఏడు కనబడటం లేదు నాన్నా. ఆ షెడ్డులో కూర్చుంటే నన్ను చూస్తే నాకే భయమేస్తోంది. ఇదీ నా ఫిర్యాదు."

"అలా అనకు, అంతా సర్దుకు..." అంటూ మార్లిస్ లేచింది. ఎమిల్ చెయ్యెత్తాడు. నియమం నియమమే. ఆయనకి ఒత్తికి నిప్పంటించడానికి మూడు పుల్లలు పట్టాయి.

జువ్వలు లేచాయి, చిచ్చుబుడ్లు కురిశాయి. డెల్మార్ పెట్టె మీదే కూలబడి, పిల్ల చూస్తోందని కూడా లేకుండా ఏడ్చాడు. మార్లిస్ వెళ్ళి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఊరుకోమని, ఏం ఫరవాలేదని అనే వీలు ఎవరికీ లేదు. తను అన్న మాటని కొట్టిపారేసేవాళ్ళు లేక, వాడు ముప్పావుగంట కడుపారా ఏడ్చాడు. ఆ నియమం దేనికో పదకొండేళ్ళ కాపరంలో మార్లిస్‌కి అప్పుడు తెలిసింది.

"ఉప్పుకీ పంచదారకీ ఆయనకి తేడా తెలీదనుకున్నావా?" అంది లిబుషె, మొదటిసారి నియమం తప్పి, టపాకాయల మోతలో ఆమె చెవిలో. "మా మామగారు కడుపునొప్పిని ఒక్కరికీ చెప్పకుండా దాచుకునే పోయాడు. డెల్మారూ ఆ పోలికే. చిన్న మాటైనా అలవాటు కావాలని ఈయన ఏటా ఏదో ఒకటి చెడగొట్టి పెట్టేవాడు. ఈ ఏడు ఏదీ చెడగొట్టలేదు. వాడికి చెప్పుకోడానికి ఈ బాధ ఒక్కటే మిగలాలని. చెప్పకపోతేనో అని నా ప్రాణం పోయిందనుకో."

ఆఖరి జువ్వ పేలింది. అందరూ ఎమిల్ వైపు చూశారు.

"షెడ్డు తాళం నా దగ్గరుంటుంది" అన్నాడాయన. "రేపట్నుంచి వెళ్తే ఇద్దరం వెళ్దాం. పొద్దున్నే డాక్టరు దగ్గరికి కూడా. నేను బయట కూర్చుంటా."

"నువ్వు కూర్చోవు" అన్నాడు డెల్మార్, ముక్కు తుడుచుకుంటూ. "లోపలికొచ్చి నాకంటే ముందు నువ్వే మొదలెడతావు. దారంతా వాగుతావు. చిన్నప్పట్నుంచీ అంతే. కారు ఎప్పుడన్నా నన్ను నడపనిచ్చావా? కొన్న ప్రతి ఆవుకీ నువ్వే పేరు పెట్టావు. నాకు ఒక్క పేరూ నచ్చలేదు."

అలా అంటూనే ఇంట్లోకి నడిచాడు, అంటూనే బల్ల దగ్గర కూర్చున్నాడు, అంటూనే ఐదు రోజుల్లో మొదటిసారి తిన్నాడు. నియమం ముగిసి గంట దాటింది. ఎమిల్ ఒక్కదానికీ బదులు చెప్పలేదు. బుద్ధిగా తలూపుతూ కొడుకు పళ్ళెంలో మరికాస్త వడ్డించాడు.